పదో తరగతి అయిపోయింది, అమ్మాయి ఏడాది పాటు అమెరికా వెళ్తోంది: ఆగస్టులోగా ఏమేమి చూసుకోవాలి?

నాగావళి_నాన్న

మాది శ్రీకాకుళం. అమ్మాయికి పదహారో ఏడు నడుస్తోంది, మొన్ననే పదో తరగతి పరీక్షలు రాసింది. బడిలో టీచరు చెప్పారని కెనెడీ-లూగర్ యూత్ ఎక్స్ఛేంజ్ (అందరూ ‘యెస్’ అంటున్నారు) కార్యక్రమానికి దరఖాస్తు పెట్టింది. ఏదో వ్యాసరచన పోటీ అనుకుని నేనూ సంతకం పెట్టేశాను. ఒక్కో మెట్టూ దాటుకుంటూ వచ్చి ఇప్పుడు ఎంపికైందని కబురు. ఆగస్టులో ప్రయాణం. అక్కడ ఎవరో ఒక కుటుంబంతో పది నెలలు ఉండి, హైస్కూల్లో చదువుకుని రావాలి. ఖర్చంతా కార్యక్రమం వాళ్లదే.

ఊళ్లో ఎవరికి చెప్పినా రెండే ప్రశ్నలు. ‘ఎంత కట్టారు?’, ‘మరి ఇంటర్?’. మా అమ్మ అయితే మూడు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. అన్నం వడ్డిస్తుంది, మొహం తిప్పుకుంటుంది.

పంపాలా వద్దా అని అడగటం లేదండి, పంపుతున్నాను. వెళ్లొచ్చినవాళ్లు, పిల్లల్ని పంపినవాళ్లు ఎవరైనా ఉంటే ఇప్పటినుంచి ఏమి చూసుకోవాలో చెప్పండి. నేను విశాఖపట్నం దాటి మూడుసార్లే వెళ్లినవాణ్ణి.

పలాస_జీడిపప్పు

ముందు అభినందనలు. తర్వాత సలహా: మొత్తం ఖర్చు వాళ్లదేనని ఊళ్లో చెప్పకండి, ఎవరూ నమ్మరు. పది లక్షలయిందని చెప్పండి, గౌరవం పెరుగుతుంది.

గజపతినగరం_మాస్టారు

పంపాలా వద్దా అని మీరు అడగలేదు. అయినా చెబుతాను, ఇరవై రెండేళ్లుగా ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతున్నవాణ్ణి. పదో తరగతి తర్వాత ఏడాది ఖాళీ వస్తే పిల్లలకు చదువు మీద పట్టు పోతుంది. ఆమె తిరిగొచ్చి ఇంటర్ మొదటి ఏడాదిలో కూర్చునేసరికి స్నేహితులంతా రెండో ఏడాదిలో ఉంటారు. దాని బరువు పదహారేళ్ల పిల్లకు చిన్నది కాదు. సరదాగా వెళ్లొచ్చే వయసు ఇది కాదని నా అభిప్రాయం.

చంపావతి_ఒడ్డున

మాస్టారూ, నేను అలా వెళ్లొచ్చినదాన్నే. మాది విజయనగరం, మిన్నెసోటాలో పది నెలలు ఉన్నాను. సరదా అనే మాట చదివి నవ్వు వచ్చింది. మొదటి రెండు నెలలు నేను సరదాగా ఉన్న రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

నాన్నగారూ, పెట్టెలో ఏమి సర్దాలో అందరూ చెబుతారు. నేను వేరే సంగతి చెబుతాను. మీ అమ్మాయికి మొహమాటం ఉందా? ఉంటే ఇప్పటినుంచే దాన్ని మాన్పించే పని పెట్టుకోండి. మన ఇళ్లలో ‘వద్దండీ, చాలు’ అంటే ‘ఇంకాస్త వేసుకో’ అని రెండోసారి, మూడోసారి వడ్డిస్తారు. అక్కడ ఒక్కసారే అడుగుతారు. వద్దంటే వద్దనే అనుకుంటారు, గిన్నె ఫ్రిజ్‌లోకి వెళ్లిపోతుంది. వాళ్లకు ప్రేమ లేక కాదు, మన మాటను గౌరవించడం అంటే వాళ్లకు అదే. ఆ సంగతి తెలియక నేను మొదటి వారమంతా సగం కడుపుతో పడుకున్నాను. ఒక రాత్రి మా హోస్ట్ అమ్మ నా గదిలో ఖాళీ బిస్కెట్ పొట్లాలు చూసి ఏడ్చినంత పని చేసింది. ‘ఆకలేస్తే నువ్వే తీసుకుని తినాలి, అది నీ వంటిల్లు కూడా’ అంది. ఆ మాట నాకు వంటబట్టడానికి నవంబరు వచ్చింది.

ఇక పని. కంచం కడగడం, బట్టలు మెషిన్‌లో వేసుకోవడం, బాత్రూం తుడవడం, కుక్కను బయటికి తీసుకెళ్లడం. ఇంట్లో పిల్లలందరితో పాటు మనకూ వాటా ఉంటుంది. మీ అమ్మాయి అక్కడ అతిథి కాదు, ఇంటి పిల్ల. ఈ నాలుగు నెలలూ మీ ఇంట్లో ఆమె పనులు ఆమెనే చేసుకోనివ్వండి.

బడి సంగతి: గంట మోగితే టీచరు రారు, మనమే ఇంకో గదికి పరిగెత్తాలి. లాకర్ తాళం అంకెలు తిప్పడం రాక రెండు వారాలు పుస్తకాలన్నీ వీపున మోశాను. ఎవరినైనా అడిగితే అరనిమిషంలో అయిపోయేది. మళ్లీ మొహమాటమే.

ఆమదాలవలస_అత్త

చంపావతి అమ్మాయి చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మా అబ్బాయి వెళ్లినప్పుడు మొదటి కుటుంబంతో పొసగలేదు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. ఇంట్లో మాటలే ఉండవు, ఎవరి గది వాళ్లది. మావాడు నోరు తెరిచి చెప్పడు. నేను రోజూ వీడియో కాల్ చేసి ‘తిన్నావా, ఏడుస్తున్నావా’ అని అడిగేదాన్ని. అడిగేకొద్దీ వాడు ఏడ్చేవాడు. నా తప్పు అది.

చివరికి వాడే కార్యక్రమం తరఫున అక్కడ ఉండే స్థానిక సమన్వయకర్తకు చెప్పుకున్నాడు. నెలకోసారైనా ఆ మనిషి పిల్లలతో మాట్లాడి తీరాలని నియమం ఉంది. కుటుంబాన్ని మార్చారు. రెండో ఇంట్లో ముసలి దంపతులు, తాతగారు వీడికి చేపలు పట్టడం నేర్పారు. ఇప్పటికీ ప్రతి క్రిస్మస్‌కు కార్డు వస్తుంది.

కుటుంబం మారడం అవమానం కాదని వెళ్లే ముందే అమ్మాయికి చెప్పండి. ఫోనుకు వారానికి ఒక వేళ పెట్టుకోండి. మాకు ఆదివారం ఉదయం ఎనిమిది గంటలకు. శీతాకాలంలో వాళ్లకు అప్పుడు శనివారం రాత్రి ఎనిమిదిన్నర.

పలాస_జీడిపప్పు

అత్తగారూ, వారానికి ఒక్కసారేనా? మా ఆవిడ విశాఖలో హాస్టల్లో ఉన్న మావాడికి పూటకోసారి చేస్తుంది. ఈ చర్చ ఆమెకు చూపించను.

నాగావళి_నాన్న

చంపావతి తల్లీ, నీ పోస్టు మా అమ్మాయికి చదివి వినిపించాను. ‘నాకు మొహమాటం లేదు’ అని మొహమాటంగా చెప్పింది.

కాగితం_పులి

కాగితాల సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతాను. ఎంసెట్ అనండి, ఈఏపీసెట్ అనండి, రేపు ఆ పిల్ల అటు వెళ్లాలనుకుంటే ఒక చిక్కు ఉంది. రాజ్యాంగంలోని 371-డి అధికరణ కింద 1974లో వచ్చిన ఉత్తర్వు ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులవి. అర్హత పరీక్ష, అంటే ఇంటర్ రెండో ఏడాది, రాసిన సంవత్సరంతో ముగిసేలా నాలుగు వరుస విద్యా సంవత్సరాలు మన స్థానిక ప్రాంతంలోని విద్యాసంస్థల్లో చదివి ఉంటే స్థానికులు. మనకు ఆ స్థానిక ప్రాంతం ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతం. మీ అమ్మాయికి వెనక్కి లెక్కపెట్టండి: ఇంటర్ రెండేళ్లు ఇక్కడ, దాని ముందు ఏడాది అమెరికా, దాని ముందు పదో తరగతి ఇక్కడ. వరుస మధ్యలో తెగింది. ఆ నాలుగేళ్లు కుదరనివాళ్లకు ఏడేళ్ల నిబంధన ఒకటి ఉంది గానీ అందులోనూ ‘వరుస’ అనే మాటే ఉంది.

తల్లిదండ్రులు రాష్ట్రంలో పదేళ్లు నివసించి ఉంటే మిగిలిన 15 శాతానికి పోటీ పడవచ్చు, కాబట్టి తలుపులన్నీ మూసుకుపోవు. కానీ ఇది కౌన్సెలింగ్ రోజున తెలిసే సంగతి కాకూడదు. ఇప్పుడే మీ పరిస్థితి వివరంగా రాసి, ఉన్నత విద్యామండలికి దరఖాస్తు పెట్టి, జవాబు కాగితం మీద తీసుకోండి. నోటిమాట వద్దు. నోటిమాట చెప్పిన అధికారి మీ పని పడేనాటికి బదిలీ అయిపోతాడు.

గజపతినగరం_మాస్టారు

చూశారా. నేను బరువు అన్నది ఇలాంటిదే.

చంపావతి_ఒడ్డున

ఈ నాలుగేళ్ల లెక్క నాకు ఎవరూ చెప్పలేదు! నేను బీకాంలో చేరాను కాబట్టి అవసరం పడలేదు. పులిగారికి దండం.

మాస్టారూ, అయినా ఒప్పుకోను. జేఈఈ మెయిన్‌కు వయోపరిమితి లేదు. అడ్వాన్స్‌డ్‌కు చూసేది పన్నెండో తరగతి మొదటిసారి ఎప్పుడు రాశామన్నది, పదికీ పన్నెండుకూ మధ్య ఎన్నేళ్లు గడిచాయన్నది కాదు. ఒక ఏడాది ఆలస్యం అయితే అయింది. లాంగ్ టర్మ్ కోచింగ్ పేరుతో ఇంటర్ అయ్యాక ఏడాది కూర్చుంటున్నవాళ్లు మన ఊళ్లలో ఎంతమంది లేరు? అప్పుడు ఎవరూ పట్టు పోవడం గురించి మాట్లాడరు.

పలాస_జీడిపప్పు

ఒకటి-సున్నా.

రామతీర్థం_రైలుబండి

ఇంటర్ మొదటి ఏడాది అయ్యాక వెళ్లకూడదా? మా మేనకోడలికి అలా ఆలోచిస్తున్నాం.

కాగితం_పులి

నియమం అడ్డు రాదు. ఇలా ఎక్స్ఛేంజ్ మీద అమెరికా హైస్కూలుకు వెళ్లేవాళ్లకు ఇచ్చే జె-1 వీసాకు వయసు 15 నుంచి పద్దెనిమిదిన్నర మధ్య, అంతకు ముందు పదకొండేళ్లకు మించి చదివి ఉండకూడదు. యెస్‌లాంటి కార్యక్రమాలకు వాటి సొంత వయోపరిమితి వేరుగా ఉంటుంది, అదీ చూసుకోండి. ఇంటర్ మొదటి ఏడాదితో పదకొండు. రెండో ఏడాది పూర్తయితే పన్నెండు, దారి మూసుకుపోయింది. కానీ మొదటి, రెండో ఏడాదుల మధ్య వెళ్తే నేర్చుకున్న సగం అక్కడే మంచులో కప్పబడిపోతుంది. తిరిగొచ్చాక రెండో ఏడాదిలో చేర్చుకుంటామని ప్రిన్సిపాల్ సంతకంతో ముందే రాయించుకోవాలి. నన్నడిగితే పదో తరగతి తర్వాతే మేలు.

అక్కడ చదివిన ఏడాదికి డిప్లొమా ఇవ్వాలని లేదు, అది ఆ బడి ఇష్టం. మార్కుల పత్రం మాత్రం బడి ముద్రతో, సీల్ చేసిన కవరులో అడిగి తెచ్చుకోమనండి.

బొబ్బిలి_వీణ

నేను తొమ్మిదో తరగతి. వచ్చే ఏడాది రాద్దామనుకుంటున్నాను. అంత డబ్బు పెట్టి వాళ్లు మనల్ని ఉచితంగా ఎందుకు తీసుకెళ్తారు? మా నాన్న అదే అడుగుతున్నారు. ఇంకొకటి, మాది తెలుగు మాధ్యమం ఉన్న బడి, ఇంగ్లిష్ అంతంత మాత్రం.

చంపావతి_ఒడ్డున

తమ్ముడూ, మీ నాన్నగారు అడిగింది సరైన ప్రశ్న. సెప్టెంబరు 11 దాడుల తర్వాత, 2002లో అమెరికా విదేశాంగ శాఖ దీన్ని మొదలుపెట్టింది. ముస్లిం జనాభా ఎక్కువగా ఉన్న దేశాల పిల్లలు వచ్చి అక్కడి ఇళ్లలో ఉంటే ఒకరి గురించి ఒకరికి తెలుస్తుందని ఆలోచన. ఆ జాబితాలో మన దేశమూ ఉంది. కెనెడీ, లూగర్ ఇద్దరూ సెనేటర్లు. అంటే ఉచితంగా తీసుకెళ్తారు గానీ పని ఉంటుంది: మన దేశం గురించి అక్కడి బడుల్లో చెప్పాలి, స్వచ్ఛంద సేవ చేయాలి.

ఇంగ్లిష్‌కు భయపడకు. మన రాష్ట్రం సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు కూడా ఎంపికై వెళ్లారు. నన్ను ఇంటర్వ్యూలో ‘మీ వీధిలో ఒకటి మార్చమంటే ఏది మారుస్తావు’ అని అడిగారు. నేను తడుముకుంటూ మా వీధి కాలువ గురించి చెప్పాను. వ్యాకరణం తప్పింది, కాలువ కంపు మాత్రం వాళ్లకు బాగా తెలిసింది అనుకుంటాను.

ఉప్పుగాలి

బొబ్బిలి బాబూ, ఉచితం కానిచోట జాగ్రత్త. మా వీధిలో ఒక కన్సల్టెన్సీ ఆయన ‘ఎక్స్ఛేంజ్ సీటు గ్యారంటీ’ అని మా తమ్ముడి దగ్గర నాలుగు లక్షలు అడిగాడు, అందులో లక్ష ‘హోస్ట్ కుటుంబానికి అద్దె’ అట. జె-1లో హోస్ట్ కుటుంబాలకు డబ్బు ఇవ్వరు, వాళ్లు ఇష్టపడి పెట్టుకుంటారు. ఆ ఒక్క ప్రశ్న అడిగితే ఆయన కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. డబ్బు కట్టి వెళ్లే నిజమైన కార్యక్రమాలూ ఉన్నాయి, అన్నీ మోసం అనను.

రోటరీ వాళ్ల యూత్ ఎక్స్ఛేంజ్ ఇంకో దారి. 15 నుంచి 19 ఏళ్ల వాళ్లకు, స్థానిక రోటరీ క్లబ్బు ద్వారా వెళ్లాలి. విమానం, బీమా మనవే, బడి ఫీజు ఉండదు. నాలుగు ‘డి’లు నిషేధం: డ్రింకింగ్, డ్రగ్స్, డ్రైవింగ్, డేటింగ్.

పలాస_జీడిపప్పు

మా ఇంట్లో ఐదో ‘డి’ ఉంది, డబ్బు. అది ఎప్పటినుంచో నిషేధంలోనే ఉంది.

సూదిమందు_సిస్టర్

నాన్నగారూ, టీకాలు! మే నెల దాటనివ్వకండి. టీకాల పత్రం లేకపోతే అక్కడి బడిలో కూర్చోనివ్వరు. రాష్ట్రాన్ని బట్టి జాబితా మారుతుంది, మీకు కేటాయించిన బడి పంపిన జాబితా చూసుకోండి. మనవాళ్లకు ఎక్కువగా తేడా వచ్చేవి రెండు. ప్రభుత్వ టీకాల్లో ఎంఆర్ ఉంది, అది తట్టుకూ రుబెల్లాకూ. గవదబిళ్లలది అందులో లేదు, వాళ్లు ఎంఎంఆర్ రెండు డోసులు అడుగుతారు. ఆటలమ్మ టీకా కూడా మన ప్రభుత్వ పట్టికలో లేదు, అది కూడా రెండు డోసులు. డోసుకూ డోసుకూ కనీసం నాలుగు వారాలు. ఎంఎంఆర్, ఆటలమ్మ రెండూ ఒకే రోజు వేయించండి. ఒకటి ఈరోజు, ఇంకోటి వచ్చే వారం అంటే కుదరదు, మళ్లీ నాలుగు వారాలు ఆగాలి.

క్షయ పరీక్ష అడిగితే చర్మానికి సూది వేసే పరీక్ష వద్దు, ఇగ్రా అనే రక్త పరీక్ష చేయించండి. పుట్టగానే బీసీజీ వేసిన పిల్లలకు చర్మ పరీక్షలో లేని జబ్బు ఉన్నట్టు కనిపించవచ్చు. ఈ రక్త పరీక్ష టీకాలకు ముందైనా, అదే రోజైనా అయిపోవాలి.

నాగావళి_నాన్న

సిస్టర్ గారూ, మా అమ్మ మూడు రోజుల మౌనం వదిలి మాట్లాడింది: ‘దానికి అయిదో ఏట అమ్మవారు పోసింది, మళ్లీ టీకా ఎందుకు?’

సూదిమందు_సిస్టర్

మామ్మగారి మాట నిజమే కావచ్చు గానీ అమెరికా బడికి అమ్మవారు సంతకం పెట్టదు. డాక్టరు చేత రాయించండి, లేదా రక్త పరీక్షలో రోగనిరోధకత ఉందని చూపించండి. రెండూ తలనొప్పి అనుకుంటే టీకా వేయించేయండి, నష్టం లేదు.

రామతీర్థం_రైలుబండి

వీసా సంగతి నేను చెబుతాను, మా అక్క కొడుకుతో వెళ్లాను. వేలిముద్రలు ఒక రోజు, ఇంటర్వ్యూ ఇంకో రోజు, రెండూ హైదరాబాద్‌లో. రాత్రి రైలు దిగి నేరుగా వెళ్లకుండా ఒక రోజు ముందే చేరండి. అమెరికా కాన్సులేట్ ఇప్పుడు నానక్‌రామ్‌గూడలో ఉంది. 2023కు ముందు బేగంపేటలో పైగా ప్యాలెస్‌లో ఉండేది. మా బావ పాత అలవాటుతో ఆటోను బేగంపేట తిప్పించాడు. ఆ రోజు ఆయన రక్తపోటు ఎంతో సిస్టర్ గారికి చెప్పను.

జె-1 వీసాకు ఆధారంగా సంస్థ పంపే డీఎస్-2019 అనే కాగితం అసలుది చేతిలో ఉండాలి, జిరాక్సు కాదు. దరఖాస్తులో గత అయిదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లన్నీ రాయాలి. 2025 జూన్ నుంచి జె వీసా అడిగేవాళ్లు ఆ ఖాతాలను అందరికీ కనిపించేలా పెట్టాలని కూడా చెప్పారు.

పాస్‌పోర్టు ఉందా? పదిహేను దాటింది కాబట్టి పద్దెనిమిదేళ్ల వరకు చెల్లేదే కాక, పదేళ్లదీ తీసుకోవచ్చు. ఇంటిపేరు గడి ఖాళీగా వదలకండి.

చంపావతి_ఒడ్డున

ఇంటిపేరు! నా పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడింది. వీసాలో ఇచ్చిన పేరు చోట ‘ఎఫ్ఎన్‌యూ’ అని వచ్చింది, మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. మొదటి రోజు హాజరు పిలుస్తూ టీచరు ‘ఫ్నూ?’ అంది. ఎవరూ పలకలేదు. మూడోసారికి అది నేనేనని అర్థమైంది. ఏడాదంతా ఇద్దరు స్నేహితులు నన్ను ఫ్నూ అనే పిలిచారు.

పలాస_జీడిపప్పు

ఫ్నూ అంటే పలాసలో ఏదో టిఫిన్ పేరులా ఉంది.

కాగితం_పులి

ఇంకొకటి. ప్రభుత్వ డబ్బుతో జె-1 మీద వెళ్లినవాళ్లు తిరిగొచ్చి సొంత దేశంలో మొత్తం రెండేళ్లు ఉంటే గానీ హెచ్-1బి, గ్రీన్ కార్డు లాంటివి అడగకూడదు. చదువు వీసా ఎఫ్-1కు ఈ అడ్డు లేదు. మీ అమ్మాయికి ఇంటర్ రెండేళ్లతోనే అది తీరిపోతుంది, బెంగ వద్దు.

గజపతినగరం_మాస్టారు

రెండు రోజులు ఆలోచించాను. పంపవద్దని ఇక అనను, మీరు పంపుతున్నారు కాబట్టి. ఒకటి చేయండి. అక్కడ సబ్జెక్టులు ఎంచుకునేటప్పుడు ప్రీకాల్క్యులస్ తీసుకోమనండి. త్రికోణమితి, సదిశలు, మాత్రికలు చాలావరకు అందులో వస్తాయి, ఇంటర్ మొదటి ఏడాదికి దగ్గరగా ఉంటుంది. ‘నువ్వు పదో తరగతే కదా’ అని అక్కడి కౌన్సిలర్ కింది తరగతి లెక్కల్లో వేస్తే పదో తరగతి పుస్తకం చూపించి అడగమనండి. ఆ పుస్తకంలో విషయసూచిక పేజీ ఇంగ్లిష్‌లో ఉన్నది పెట్టెలో పెట్టండి. మొదటి ఏడాది లెక్కల పుస్తకం కూడా పెట్టండి, చదివినా చదవకపోయినా.

చంపావతి_ఒడ్డున

మాస్టారూ, ఒకటి-ఒకటి. ప్రీకాల్క్యులస్ సలహా బంగారం. ఇంటర్ పుస్తకం మాత్రం బరువే, నాది తెరవకుండానే తిరిగొచ్చింది.

గజపతినగరం_మాస్టారు

అందుకే నువ్వు బీకాం.

చంపావతి_ఒడ్డున

😄 ఒప్పుకున్నాను.

ఆమదాలవలస_అత్త

బహుమతులు ఎవరూ చెప్పలేదు. ఖరీదైనవి వద్దు. పొందూరు ఖద్దరు తువ్వాలు ఒకటి పెట్టాను. వలుగ చేప దవడతో పత్తి దువ్వుతారని మావాడు చెప్పేసరికి ఆ తాతగారు దాన్ని అద్దం వెనక పెట్టి గోడకు తగిలించారు. మొహం తుడుచుకోవడానికి ఇచ్చాం మేము.

పచ్చి కరివేపాకు, మాంసం పచ్చళ్లు వద్దు, విమానాశ్రయంలో తీసేస్తారు. తినేది ఏది ఉన్నా ఫారంలో రాయమనండి.

చంపావతి_ఒడ్డున

నవంబరులో అక్కడి బడుల్లో అంతర్జాతీయ విద్యా వారం జరుపుతారు. మన ఊరి గురించి చెప్పే అవకాశం అదే. నేను పైడితల్లి సిరిమాను వీడియో చూపించాను. చింతమాను కొసన పూజారి కూర్చుని గాలిలో ఊగుతుంటే ఒక అబ్బాయి లేచి ‘సీటు బెల్టు ఉందా’ అని అడిగాడు. అరగంట ప్రశ్నలు ఆగలేదు. తాజ్‌మహల్ చూపించిన ఇంకో బడిలోని పిల్లకు రెండు ప్రశ్నలే వచ్చాయట. మీ అమ్మాయి అరసవల్లి, తప్పెటగుళ్లు, ఏదైనా సరే, తను చూసినది తీసుకెళ్లాలి. ఫోటోలు ఇప్పుడే తీసి పెట్టుకోమనండి.

నాగావళి_నాన్న

చాలా రోజులకు వచ్చాను. టీకాలు రెండో డోసు అయిపోయింది. పాస్‌పోర్టులో ఇంటిపేరు విడిగా పడింది, ఫ్నూ గండం తప్పింది. పులిగారు చెప్పినట్టు దరఖాస్తు పెట్టాను, రసీదు తీసుకున్నాను, జవాబు కోసం తిరుగుతున్నాను.

హోస్ట్ కుటుంబం వివరాలు వచ్చాయి. అయోవా రాష్ట్రం, మొక్కజొన్న పొలాలు. తల్లి, తండ్రి, ఒక చిన్న పాప, రెండు కుక్కలు. వాళ్లు వీడియోలో మాట్లాడారు. మా అమ్మ గుమ్మం చాటున నిలబడి విని, ఫోను పెట్టేశాక, ‘ఆవిడకు తలకు నూనె రాయడం వచ్చునా?’ అని అడిగింది. తెలియదన్నాను. మరుసటి రోజు నుంచి అమ్మాయికి జడ తనే వేసుకోవడం నేర్పుతోంది.

నిన్న పెట్టె సర్ది బియ్యం కొట్టులో కాటా మీద తూచాం. 23 కిలోలు ఉండాలి, 31 చూపించింది.

పలాస_జీడిపప్పు

మాస్టారి పుస్తకమే అయి ఉంటుంది.

నాగావళి_నాన్న

పుస్తకం కిలో కూడా లేదండి. అడుగున చీరలో చుట్టి మా అమ్మ ఉలవలు పెట్టింది. తీస్తానంటే మళ్లీ మాట్లాడటం మానేస్తుందేమోనని కొట్టులోనే నిలబడి ఆలోచించాను.

సూదిమందు_సిస్టర్

ఎన్ని కిలోలు?

నాగావళి_నాన్న

ఏడు. రెండు ఉంచి, మిగిలినవి తీసి అటక మీద పెట్టాను. ఆమెకు చెప్పకండి.